వెనక చక్రం కింద రాయి

2023లో చలి మొదలైన రోజుల్లో, ఒక శనివారం సాయంత్రం, చింతూరు సెంటర్లో టీ కొట్టు ముందు ఒక పాత జీపు ఆగింది. ఆగింది అనడం కన్నా ఆగిపోయింది అనాలి. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. ఆకుపచ్చ రంగు కొత్తగా వేయించినట్టుంది, పైన కాన్వాసు గుడ్డ, ముందు అద్దం మడిచేసే రకం. దిగినాయనకి అరవై దాటి ఉంటాయి. రాజమండ్రి నుంచి వచ్చాడట. మారేడుమిల్లి దాటాక బండి మూడుచోట్ల మొరాయించిందట. చేతులు వణుకుతున్నాయి, కానీ మొహంలో పండక్కి బయల్దేరిన పిల్లాడి సంబరం ఉంది.

చుట్టూ పదిమంది చేరి ఫోన్లతో ఫోటోలు తీస్తున్నారు. మా అయ్య మాత్రం ఫోటో తియ్యలేదు. డెబ్బై అయిదేళ్ళ మనిషి, కర్ర పక్కన ఆనించి, వంగి జీపు కింద చూశాడు. తర్వాత బానెట్ మీద అరచెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. "బాబూ, మూత ఇప్పుడు తియ్యకు, మొహం కాలుద్ది. నీళ్ళు కూడా ఇప్పుడే పొయ్యకు. చల్లారనియ్యి" అన్నాడు. ఆయన మా అయ్యని ఎగాదిగా చూసి, "మీకు జీపులు తెలుసా పెద్దాయనా?" అని అడిగాడు. టీ కొట్టతను నవ్వి, "ఈ రోడ్డు మీద ఆయన ఇరవై ఏళ్ళు జీపు తోలాడు సార్" అన్నాడు.

అలా మొదలైంది. ఆయన చిన్నప్పుడు నాలుగేళ్ళు మోతుగూడెంలో ఉన్నాడట. వాళ్ళ నాన్న దిగువ సీలేరు జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టేటప్పుడు అక్కడ ఉద్యోగి. 1970లలో ఆ పని జరుగుతున్నప్పుడు కొండల్లో ఎక్కడ చూసినా ఇలాంటి జీపులే. అదే రకం బండిని ఎక్కడో వేలంలో కొని, రెండేళ్ళు కూర్చుని బాగు చేయించుకున్నాడు. దాని మీద మోతుగూడెం చూసి, తిరిగి ఘాటెక్కి ఇంటికి పోవాలని ఆయన కోరిక. ఒక్కడికీ ధైర్యం చాలడం లేదు. "మీరిద్దరూ మారేడుమిల్లి దాకా తోడొస్తారా మాస్టారూ?" అని నన్నడిగాడు. మర్నాడు ఆదివారం. నేను తటపటాయిస్తుంటే మా అయ్య కోయలో, "పోదాం. నువ్వు వెనకాల కూచో" అన్నాడు.

వెనకాల కూచోవడం అంటే ఏమిటో మా ఇద్దరికే తెలుసు.

నాకు పదకొండేళ్ళప్పుడు, 1990 ప్రాంతంలో, మా అయ్య ఒక షావుకారు జీపు తోలేవాడు. అసలు పెట్రోలు బండి, డీజిలు ఇంజను మార్పించారు. సంత రోజున ముందు సీట్లో అయిదుగురు, వెనక పదిమంది, వెనక మెట్టు మీద నలుగురు, టాపు మీద చింతపండు గంపలు, కొండచీపుళ్ళు, అడ్డాకుల కట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. అప్పుడు మా ఊళ్ళకి బస్సంటే ఎప్పుడో ఒకటి. కాన్పు నొప్పులొచ్చినా, జ్వరమొచ్చినా, గిరిజన కార్పొరేషన్ డిపోకి సరుకు పోవాలన్నా ఆ జీపే. సెలవుల్లో నేను అందులో 'రాయి'ని. క్లీనర్ అనేవాళ్ళు కాదు. "ఒరే రాయీ" అని పిలిచేవాళ్ళు.

పని చెప్తాను. నిండా మనుషులెక్కిన జీపు ఎత్తు మీద ఆగితే, దాని బ్రేకు దాన్ని పట్టి ఉంచదు. డ్రమ్ము బ్రేకులు, అవీ వేడెక్కి ఉంటాయి. హ్యాండ్ బ్రేకు పేరుకే. అందుకని బండి మూలిగే చప్పుడు వినగానే నేను మెట్టు మీంచి దూకాలి. చేతిలో రాయి సిద్ధంగా ఉండాలి. బండి వెనక్కి జానెడు జారేలోపు లోయ వైపున్న వెనక చక్రం కింద దాన్ని తొయ్యాలి. వేళ్ళు టైరు కింద పడకుండా అరచేత్తో తొయ్యాలి, గుప్పిటతో కాదు. అప్పుడు మా అయ్య బ్రేకు మీంచి కాలు తీసి, క్లచ్చు, యాక్సిలరేటరు కలిపి బండిని లేపుతాడు. ఎత్తు మీద లేచిన బండిని మళ్ళీ ఆపకూడదు. కాబట్టి నేను రాయి తీసుకుని, వెనకాల పరుగెత్తి, కదిలే మెట్టు ఎక్కాలి.

రాయి తీసుకోవడం అన్నది పనిలో సగం. వదిలేస్తే అది మలుపులో, రోడ్డు మధ్యలో ఉండిపోతుంది. వెనకొచ్చే వాడికి కనపడదు. ప్రతిసారీ మా అయ్య అద్దంలో చూడకుండానే అడిగేవాడు: "తీసినవా?" నేను "తీసిన" అని అరిచేవాణ్ని. అప్పుడే గేరు మార్చేవాడు.

ఆ ఏడాది తునికాకు కల్లాల రోజుల్లో, మా అమ్మ సంతలో నాకు మొదటి సారి రబ్బరు చెప్పులు కొంది. నీలం పట్టీలు. తులసిపాక దాటాక ఒక మలుపులో బండి ఆగింది. దూకాను, రాయి పెట్టాను, బండి లేచింది. నేను వంగేసరికి కుడికాలి చెప్పు ఊడి గట్టు వైపు దొర్లింది. బండి పోతోంది. రాయి ఒకటి, చెప్పు ఒకటి. చెప్పు తీసుకుని పరుగెత్తాను.

"తీసినవా?"

"తీసిన."

ఆ సాయంత్రం పొద్దు గూకాక మా అమ్మ తరపు వాడు, నాకు మామ వరసవుతాడు, తునికాకు డబ్బులు తీసుకుని సైకిలు మీద ఆ దిగుడులో వస్తున్నాడు. రాయికి ముందు చక్రం తగిలింది. ఎడమ తొడ ఎముక విరిగింది. రాత్రెప్పుడో ఒక లారీవాడు చూసి భద్రాచలం చేర్చాడు. నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. లేచాక ఆ కాలు పొట్టిదైపోయింది. అప్పటి నుంచి వేటకి పోలేదు, కొండపోడు ఎక్కలేదు. చెట్టెక్కి చింతపండు దులిపే మనిషి కింద కూచుని ఏరుకునే మనిషయ్యాడు.

మా అయ్య నన్నేమీ అడగలేదు. నేనేమీ చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత నన్ను ఆశ్రమ పాఠశాలలో వేశారు, 'రాయి' పేరు పోయింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఆయన స్టీరింగు పట్టాడు, మా అయ్య పక్కన, నేను వెనక. లక్కవరం జంక్షన్ దగ్గర మోతుగూడెం వైపు తిరిగాం. అక్కడ ఆయన క్వార్టర్ల మధ్య తిరిగి తను ఉన్న ఇల్లు గుర్తుపట్టలేకపోయాడు. ఒక చింతచెట్టు దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. పొల్లూరు జలపాతం దాకా వెళ్ళే ఓపిక ఆయనకే లేదనిపించింది. వెనక్కి తిరిగాం. ఆ దారిలో నాలుగు వందల అరవై మెగావాట్ల కరెంటు పుట్టే చోటికి కూతవేటు దూరంలో చాలా ఏళ్ళు కిరసనాయిలు దీపాలే వెలిగిన గూడేలు కనిపిస్తాయి. అది చెబుదామనుకుని, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

బండి సంగతి కొంచెం చెప్పాలి. యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన విల్లీస్ జీపు ఇది. మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1947 నుంచి ఆ జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఇక్కడే తయారు చేశారు. ఆయనది సీజే-3బీ, ఎత్తు మూతి రకం. లోపలి హరికేన్ ఇంజను మునుపటి దానికన్నా పొడుగు కాబట్టి బానెట్‌ని పైకి లేపాల్సి వచ్చింది. అందుకే దాని మొహం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుంటుంది. మూడే గేర్లు. అందులో మొదటిది బండి నడుస్తుండగా సులువుగా పడదు, పళ్ళు కొరుకుతుంది. ఆయన ఆగిపోవడానికి సగం కారణం అదే. ఎత్తులో రెండో గేరు మీద బండి నీరసించిపోతుంది, మొదటిది పడదు, ఇంజను ఆగిపోతుంది. మా అయ్య ఆయనకి రెండుసార్లు క్లచ్చు తొక్కడం నేర్పాడు. క్లచ్చు తొక్కి గేరు మధ్యకి తెచ్చి వదిలి, ఒక్కసారి ఇంజను రేపి, మళ్ళీ తొక్కి గేరు వెయ్యాలి. ఆయన పుస్తకాల్లో చదివాడట. "చెవితో వెయ్యాలి బాబూ, చేత్తో కాదు" అన్నాడు మా అయ్య.

సగం కారణం ఇంకొకటి ఉంది. పాత పెట్రోలు బండ్లలో, ఎక్కుడులో ఇంజను వేడికి పంపు దగ్గర పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు. బండి దగ్గి ఆగిపోతుంది. మెకానిక్కు అక్కర్లేదు. మా అయ్య గోనెపట్టా ముక్క వాగులో తడిపి పంపు మీద చుట్టాడు. ఆయన డైరీ తీసి రాసుకున్నాడు. దిగుడులో చెప్పింది కూడా రాసుకున్నాడు: ఏ గేరుతో ఎక్కాల్సిన గుట్టో అదే గేరుతో దిగాలి, బ్రేకుతో కాదు. ఇంజనే బండిని పట్టుకోవాలి. ఎదురుగా ఎక్కుతున్న బండి ఉంటే దిగేవాడే ఆగాలి, ఎందుకంటే ఎక్కేవాడు ఆగితే మళ్ళీ లేవలేడు. ఈ ఒక్క ముక్క ఇప్పుడు శనాదివారాల్లో హైదరాబాదు నుంచి, వైజాగు నుంచి పెద్ద పెద్ద బండ్ల మీద వచ్చేవాళ్ళకి ఎవరైనా చెబితే బాగుండును. వాళ్ళ బండ్లకి ఎక్కుడూ దిగుడూ ఒకటే, అందుకని ఎదుటివాడికీ అంతే అనుకుంటారు.

దారిలో ఆయన ఒక ఫిర్యాదు చేశాడు. ఒకసారి ఎండాకాలం చివర కారులో ఇటొస్తే, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి డబ్బులడిగారట. "అదేం పద్ధతండీ?" అన్నాడు. అది భూమి పండుగ అని చెప్పాను. విత్తనాలు చల్లే ముందు మగవాళ్ళు అడవికి వేటకి పోతారు. ఆ రోజుల్లో రోడ్డు ఆడవాళ్ళది. రేల పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్ళని ఆపుతారు. వేట లేకుండా ఉత్త చేతులతో వచ్చిన మొగుడిని కూడా వదలరు, పేడనీళ్ళు పోస్తారు. "మీ మీద పేడ పొయ్యలేదుగా సార్" అంటే నవ్వేశాడు. తర్వాత కాసేపు ఆగి, "పది రూపాయలిచ్చి విసుక్కున్నాను" అన్నాడు.

రోడ్డు ఎవరిదన్న మాట వచ్చింది కాబట్టి ఇంకొక మాట. తూర్పున చింతపల్లి వైపు కొండల్లో 1922లో తిరుగుబాటు లేవడానికి ఉన్న కారణాల్లో రోడ్డు పని ఒకటి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత రోడ్లు వేయించి కూలి ఎగ్గొట్టాడు. అడిగిన వాళ్ళని కొట్టించాడు. ఆ దెబ్బలు తిన్నవాళ్ళే అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. గాం గంటందొర, గాం మల్లుదొర ఆ గూడెం మనుషులే. ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. మల్లుదొర బతికి బయటపడి 1952లో లోక్‌సభకి కూడా ఎన్నికయ్యాడు. రోడ్డు రాళ్ళు మోసినవాడు ఢిల్లీ దాకా పోయాడన్నమాట. మా పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు నేను రోడ్డు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

మా సొంత రోడ్డు కథ వేరు. మా అయ్య పుట్టినప్పుడు మా గూడెం తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని ఖమ్మంలో కలిపారు, నేను ఖమ్మంలో పుట్టాను. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల్ని ఆంధ్రాలో కలిపితే నా చిన్న కూతురు మళ్ళీ తూర్పు గోదావరిలో పుట్టింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాం. మూడు తరాలు పుట్టింది ఒకే గుడిసె చోట. విలీనం ఆర్డినెన్సు వచ్చింది మే 29న. దానికి అయిదు రోజుల ముందే ఉత్తరపారాలో అంబాసిడర్ కార్ల తయారీ ఆపేశారు. మా ఊరికి కలెక్టరుగారు వచ్చినా, ఎన్నికలొచ్చినా ఆ తెల్ల అంబాసిడర్లే చూసినవాళ్ళం. జిల్లా, కారు ఒకే వారంలో పోయాయని మా అయ్య ఇప్పటికీ అంటాడు.

ఇది వేళాకోళం కాదు. ఖమ్మంలో ఉన్నన్నాళ్ళూ మాకు పని భద్రాచలంలో, అది బల్లపరుపు దారి. మారేడుమిల్లి ఘాటు మాకు పెరటి గుమ్మం. 2014 నుంచి అదే వీధి గుమ్మమైంది. కాకినాడ పోవాలన్నా ఆ కొండే దాటాలి. 2022లో జిల్లా కేంద్రం పాడేరు అయింది, అది మరీ దూరం, అదీ కొండల మీదుగానే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్ని చింతూరు ఇళ్ళలోకి వచ్చింది, భద్రాచలం దారి మునిగింది. అలాంటప్పుడు మాకు మిగిలేది కొండ దారే. జీపాయన ఒక మలుపులో ఆపి, "ఎంత అందమైన రోడ్డండీ" అన్నాడు. నిజమే, అందంగా ఉంది. కింద సోకులేరు లోయలో వెదుళ్ళ మీద ఎండ పడుతోంది. అదే మలుపులో రాత్రి పూట 108 బండిలో నొప్పులు పడుతున్న కోడలి చెయ్యి పట్టుకుని కూచున్నవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకి లోయ కనపడలేదు.

తులసిపాక దాటాక రేడియేటర్లో నీళ్ళు తగ్గాయి. మా అయ్య ఒక గూడెం ముందు ఆపించాడు. నేను గుర్తుపట్టేలోపే ఆ ఇంట్లోంచి మామ వచ్చాడు, ఎడమ వైపు ఒరుగుతూ. డెబ్బై నిండినట్టున్నాయి. జీపుని చూసి పిల్లాడిలా దాని చుట్టూ తిరిగాడు. హారన్ నొక్కమని అడిగాడు. జీపాయన నొక్కాడు. అందరూ నవ్వారు. నేను బిందె పట్టుకుని బోరింగు దగ్గరికి పోతే మామ వెనకాలే వచ్చాడు. పంపు కొడుతూ ఉన్నాను. బిందె సగం నిండాక, ఎందుకో అప్పుడే, కోయలో చెప్పేశాను. ఆ రాయి నాదే మామా. చెప్పు తీసుకుని రాయి వదిలేశాను. అయ్యకి అబద్ధం చెప్పాను.

మామ చేత్తో పంపు పట్టుకుని ఆపాడు. నీళ్ళు పొర్లుతున్నాయని.

"మీ అయ్య ఆ వానల్లోనే చెప్పిండు" అన్నాడు. "రెండు బస్తాల జొన్నలు తెచ్చి దించి, మా వాడి రాయి అన్నాడు. మరుసటేడు కూడా తెచ్చిండు."

నాకు మాట రాలేదు. ముప్పై మూడేళ్ళు పెళ్ళిళ్ళల్లో, పండగల్లో, దినాల్లో ఆ మనిషి ఎదురుగా కూచుని కల్లు తాగాను. ఏనాడూ ఆయన చూపులో నాకేమీ కనపడలేదు. నేను దాచానని అనుకుంటున్నది వాళ్ళిద్దరూ కలిసి దాచారు, నా దగ్గర్నుంచే.

"మరి నన్నెందుకు అడగలేదు?"

"ఏమడుగుత? నీకు పదకొండేళ్ళు" అని, బిందె ఎత్తి నా భుజాన పెట్టి, "పొగాకు ఉందా?" అన్నాడు. లేదు. జీపాయన దగ్గర సిగరెట్లుంటే రెండు ఇప్పించాను.

మళ్ళీ బయల్దేరాం. నేను మా అయ్య మెడ వెనక భాగం చూస్తూ కూచున్నాను. జొన్నలు ఆయన ఎక్కణ్ణుంచి తెచ్చాడో నాకు తెలుసు. ఆ రెండేళ్ళూ మా ఇంట్లో తిండి జావ మీద నడిచింది. అమ్మ అడిగితే షావుకారు జీతం తగ్గించాడని చెప్పేవాడు. పాపం ఆ షావుకారుని మేమంతా చాలాకాలం తిట్టుకున్నాం.

వాల్మీకి కొండ వైపు ఎక్కుడులో ఒక మెలిక మలుపు వచ్చింది. ఎదురుగా ఒక లారీ హారన్ కొట్టకుండా దిగింది. జీపాయన బెదిరి బ్రేకు తొక్కాడు. రెండో గేరులో ఇంజను దగ్గి ఆగిపోయింది. లారీ గీసుకున్నంత దగ్గరగా పోయింది. బండి వెనక్కి జానెడు జారింది.

నేనెప్పుడు దూకానో నాకు తెలియదు. ఇప్పుడు నా వయసు నలభై నాలుగు, పొట్ట ఉంది, మోకాళ్ళు నొప్పులు. గట్టు పక్కన ఉన్న రాయి చేతిలోకి వచ్చింది, లోయ వైపు వెనక చక్రం కిందికి పోయింది, అరచేత్తోనే. టైరు రాయి మీద కూచుని కిర్రుమంది. బండి నిలబడింది. ముందు నుంచి జీపాయన గొంతు వణుకుతూ, "ఏం చెయ్యాలి పెద్దాయనా, ఏం చెయ్యాలి?" అంటున్నాడు.

"ఏం చెయ్యకు బాబూ. ఊపిరి పీల్చుకో. ఇప్పుడు మొదటి గేరెయ్యి, ఆగిన బండికి అది పడుద్ది. కొంచెం పెట్రోలియ్యి. బ్రేకు మెల్లగా వదులు. వెనక్కి పోదు, భయపడకు."

జీపు ఒకసారి వణికి లేచింది. పది అడుగులు, ఇరవై అడుగులు పోయింది. నేను వంగి రాయి తీశాను. నేను పెట్టినప్పుడు తెలియలేదు గానీ పెద్దదే, రెండు చేతులు కావాల్సి వచ్చింది. దాన్ని మోసుకెళ్ళి పిట్టగోడ అవతల, ఎవరి చక్రానికీ దొరకని చోట పెట్టాను. చేతులు దులుపుకుని తల ఎత్తేసరికి జీపు మలుపు పైన, కాస్త చదునున్న చోట ఆగి ఉంది. మా అయ్య సీట్లోంచి పక్కకి ఒరిగి వెనక్కి చూస్తున్నాడు. అడగలేదు. నేనే అక్కణ్ణుంచి అరిచాను:

"తీసిన!"

ఆయన ముందుకి తిరిగి, "పోనియ్యి బాబూ, వాడు ఎక్కుతాడు" అన్నాడు.